సినిమాలో ‘ల్యాగ్’ ఎవరిది? : గమనం, అభిరుచి, ఒక పడిశం

1

పడిశం పది రోగాల పెట్టు అని సామెత. ఆ పదికి పదకొండోది ఒకటి చేర్చవచ్చునని నిరుడు చలికాలంలో నాకు అనుభవమైంది. అది, ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చిన అభిప్రాయాన్ని మార్చుకోవలసి రావడం. అధ్యాపకుడికి ఇంతకంటె ఇబ్బంది పెట్టే రోగం మరొకటి ఉండదు.

జరిగింది ఇది. నాందేడ్ నుంచి రైలులో గంటన్నర దూరంలో ఉన్న ఒక సరిహద్దు పట్టణంలో ఒక సినీ కథానాయకుని అభిమానులు ప్రాంతీయ సమావేశం పెట్టుకున్నారు. నా పాత విద్యార్థి ఒకడు ఆ సంఘానికి కార్యదర్శి. “పది నిమిషాలు తెలుగు గురించి మాట్లాడండి సర్” అని పిలిచాడు. పొద్దున రక్తదానం, మధ్యాహ్నం అన్నదానం, సాయంత్రం కల్యాణ మండపంలో తెర కట్టి పాత సినిమా ప్రదర్శన. నేను తెలుగు గురించి మాట్లాడాను. వాళ్ళు ఎప్పుడు ముగిస్తానా అని మర్యాదగా ఎదురుచూశారు. తరవాత మూడు గంటలు దాదాపు నాలుగు వందల మంది మధ్య కూచున్నాను. చలికి కిటికీలన్నీ మూసేశారు. నా వెనక వరసలో ఒక కుర్రవాడు ప్రతి సంభాషణనూ కథానాయకుని కంటె ఒక క్షణం ముందే అరుస్తూ, మధ్య మధ్య తుమ్ముతూ ఉన్నాడు. మూడో రోజుకు నాకు పడిశం పట్టింది. వారం తిరిగేసరికి మా అమ్మకు అంటింది. నాకు ముక్కు దిబ్బడతో సరిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి అది ఛాతీలోకి దిగింది. పది రోజులు ఇద్దరం ఇల్లు కదలలేదు.

భాషాశాస్త్రం చదివినవాడు జ్వరంలో కూడా మాటలనే ఏరుకుంటాడు. తెలుగు పడిశం, మరాఠీ ‘పడసే’ ఒక తల్లి బిడ్డలు. రెండింటికీ మూలం ప్రతిశ్యాయమనే సంస్కృత శబ్దం. ‘ప్రతి’ ప్రాకృతంలో ‘పడి’ అయింది. గోదావరికి ఇటూ అటూ ఒకే మాటతో ముక్కు చీదుకుంటున్నామన్నమాట. అంతకన్న ముఖ్యమైన పోలిక వాక్యనిర్మాణంలో ఉంది. తెలుగులో మనం జలుబును పట్టుకోం. జలుబే మనను పట్టుకుంటుంది. ‘నాకు పడిశం పట్టింది’, ‘నాకు జలుబు చేసింది’ అంటాం. మరాఠీ మనిషి ‘మలా పడసే ఝాలే’ అంటాడు. రెండింటిలోనూ మనిషి చతుర్థిలో ఉంటాడు. అతడు చేసేవాడు కాడు, అనుభవించేవాడు.

సినిమా నెమ్మదిగా ఉందనే తీర్పు కూడా నిజానికి ఈ చతుర్థి వాక్యమే. కాని ఈ మధ్య ఆ వాక్యంలోంచి ‘నాకు’ అనే మాట రాలిపోయింది. దానివల్ల మన సినిమా విమర్శకూ, సరిహద్దు తెలుగుకూ జరుగుతున్న నష్టమేమిటో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2

సినిమా కదలక విసిగినప్పుడు తెలుగువాళ్ళు అనే మాటలను వరసగా పేర్చి చూద్దాం.

మా ఇళ్ళలో పాతతరం అనేది ‘పొద్దు పోలేదు’ అని. ఇందులో కర్త పొద్దు. సినిమా ప్రసక్తే లేదు. తన పొద్దు గడవలేదని మనిషి తన సంగతి చెప్పుకుంటున్నాడు. తరవాతిది ‘నాకు విసుగొచ్చింది’. ఇక్కడ ‘నాకు’ స్పష్టంగా ఉంది. మూడోది ‘సాగదీశాడు’. ఇందులో కర్త దర్శకుడు. తప్పు అతనిదే అంటున్నాం, కాని కనీసం ఒక మనిషి చేసిన పనిగా చెబుతున్నాం. జీడిపాకం, నత్తనడక అనే ఉపమానాలు ఈ కాలానివే. నాలుగోది ‘బోరు కొట్టింది’. అరువు మాట అయినా మన వ్యాకరణంలోకి చక్కగా ఒదిగింది. ‘నాకు’ అన్నా సరే, అనకపోయినా సరే. అయిదోది ఇప్పుడు ఎక్కడ విన్నా వినిపించేది: ‘సెకండాఫ్‌లో ల్యాగ్ ఉంది’.

ఈ చివరి వాక్యంలో మనిషి లేడు. ‘నాకు సెకండాఫ్‌లో ల్యాగ్ ఉంది’ అని ఎవరూ అనరు. అంటే నవ్వుతారు. ‘చెరువులో నీళ్ళున్నాయి’ అన్నట్టుగా సినిమాలో ల్యాగ్ ఉంది. అనుభవం కాస్తా వస్తుధర్మమైపోయింది. చతుర్థి పోయి సప్తమి వచ్చింది.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా గమనించదగ్గదే. కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ళ మాట అది. మీట నొక్కిన తరవాత తెరమీది బొమ్మ ఆలస్యంగా కదిలితే దాన్ని ల్యాగ్ అంటారు. అంటే ఆడేవాడు ఆజ్ఞ ఇచ్చాడు, యంత్రం వెనకబడింది. సినిమాకు ఈ మాట వాడినప్పుడు ప్రేక్షకుడు ఆజ్ఞ ఇచ్చేవాడిగానూ, సినిమా ఆలస్యంగా పనిచేసే యంత్రంగానూ మారిపోతాయి. ఇంత సిద్ధాంతం మనసులో పెట్టుకుని ఎవరూ ఆ మాట అనరు. అయినా మాట తన సామాను తాను మోసుకునే వస్తుంది.

మరాఠీలో పరిస్థితి కొంచెం వేరు. ‘మలా కంటాళా ఆలా’ అనేది మన ‘నాకు విసుగొచ్చింది’ వంటిదే. ‘రటాళ్’ అనేది సినిమాకు తగిలించే విశేషణం, నిందార్థకం. కాని ‘సంథ్’ అనే మరో మాట ఉంది. నెమ్మదైన నదీప్రవాహానికి ఆ మాట వాడతారు, నెమ్మదైన సినిమాకూ వాడతారు. నింద కావచ్చు, మెప్పూ కావచ్చు. 1967లో వచ్చిన ఒక మరాఠీ చిత్రం పేరులోనే ఈ మాట కృష్ణానదికి విశేషణంగా ఉంది. నెమ్మదితనాన్ని మెచ్చుకోవడానికి సినిమా పరిభాషలో ఒక మాట మిగిలి ఉండడం మరాఠీవాళ్ళ అదృష్టం. మనకు సంగీతంలో విళంబకాలమనే గౌరవప్రదమైన మాట ఉంది గాని, దాన్ని సినిమాహాలు దాకా ఎవరూ తీసుకురాలేదు.

ఎమెనో 1956లో భారతదేశం ఒక భాషామండలమని ప్రతిపాదించాడు. వేరువేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఒకదాని లక్షణాలు ఒకటి పుచ్చుకున్నాయని ఆయన వాదం. తరవాతి పరిశోధకులు ఈ ‘నాకు’ వాక్యాన్ని కూడా ఆ ఉమ్మడి లక్షణాల్లో చేర్చారు. ఆ ఏడాదే రాష్ట్రాల పునర్విభజనలో మా జిల్లాను భాషనుబట్టి పంచారు. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాదు జిల్లానుంచి కిన్వట్ ఇటు వచ్చింది. భాషలు కలిశాయని శాస్త్రం చెప్పిన ఏడాదే భాషలను గీత గీసి విడదీశారు. గీతకు ఇటు మిగిలిన తెలుగువాళ్ళకు ‘నాకు’, ‘మలా’ రెండూ మిగిలాయి.

3

అభిమానుల సమావేశంలో నేను చూసిన సినిమాలో కథానాయకుడు మొదటిసారి కనబడే ఘట్టం నా గడియారం ప్రకారం మూడు నిమిషాల పైచిలుకు. ముందు బూటు. తరవాత చెయ్యి. తరవాత వీపు. తరవాత దుమ్ము. ముఖం చివరికి గాని రాదు. అంతా స్లోమోషన్. స్లోమోషన్ అంటే ఏమిటి? సెకనుకు 24 చిత్రాల చొప్పున చూపించవలసిన దాన్ని 48 చొప్పున తీసి, 24 చొప్పున చూపిస్తే సెకను పని రెండు సెకన్లు పడుతుంది. సినిమా కళలో ఇంతకన్న అక్షరాలా నెమ్మదైనది ఇంకొకటి లేదు. ఆ మూడు నిమిషాల్లో కథ అంగుళం కదలలేదు. అయినా ఆ హాలులో ఎవరికీ ల్యాగ్ కనబడలేదు. ఆ ఘట్టం అయిపోగానే మళ్ళీ వెయ్యమన్నారు. వేశారు.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. తెర ఖాళీగా వదిలిన కాలాన్ని హాలు నింపుతున్నది. ఈలలు, కాగితం ముక్కలు, పేరు పెట్టి కేకలు. దర్శకుడు వాటికోసమే జాగా వదిలాడు. హరికథలో కథకుడు భక్తులచేత గోవింద కొట్టించడానికి ఆగినట్టే ఇదీ. ఆ సినిమానే మర్నాడు ఇంట్లో ఒక్కణ్ణే టీవీలో చూస్తే ఆ ఖాళీలన్నీ ఖాళీలుగానే మిగులుతాయి.

2022 ఆగస్టు 9న ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలు వేసిన దగ్గర్నుంచి పాత సినిమాలను మళ్ళీ విడుదల చేయడం తెలుగునాట ఆనవాయితీ అయింది. 2006 నాటి ఆ కథలో తెలియని మలుపు ఎవరికీ లేదు. తరవాత ఏం జరుగుతుందనే ఆత్రం వేగానికి మూలమైతే, మళ్ళీ విడుదలైన ప్రతి సినిమా నత్తలా నడవాలి. అలా జరగడం లేదు. వెనక వరస కుర్రవాడు సంభాషణను ముందే అరిచాడంటే, అతను సినిమా వెనకాల నడవడం లేదు, దానికి ఒక అడుగు ముందున్నాడు. అతనికి ఆలస్యమెక్కడిది?

తెలుగువారిది వేగం కోరే అభిరుచి, మరాఠీవారిది నిదానమని మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళు తరచు అంటుంటారు. ఇదీ నిలిచే మాట కాదు. పద్యనాటకాల్లో రాగాన్ని నిమిషాల తరబడి తీయించుకుని, చాలక ‘వన్స్‌మోర్’ అని అరిచినవాళ్ళు మన తాతలే. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ మూడున్నర గంటలు దాటిన చిత్రం. జనం విరగబడి చూశారు. 1980లో ‘శంకరాభరణం’ పెద్ద తారలు లేకుండా, ఫైట్లు లేకుండా, కర్ణాటక సంగీతం నడకనే తన నడకగా చేసుకుని ఆడింది. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ నిడివి 200 నిమిషాలు. నెల తిరగగానే మరో ఇరవై నిమిషాలు కలిపి మళ్ళీ చూపించారు. కాబట్టి నిడివికీ, విసుగుకూ నేరుగా సంబంధం లేదు. నిడివి గడియారానిది. గమనం చూసేవాడికీ, తెరకూ మధ్య ఉండేది.

4

ఇప్పుడు నా తప్పు సంగతి.

నాగరాజ్ మంజుళే తీసిన ‘సైరాట్’ 2016 ఏప్రిల్ 29న విడుదలైంది. నిడివి 174 నిమిషాలు. వంద కోట్ల రూపాయలు దాటిన తొలి మరాఠీ చిత్రంగా పేరు తెచ్చుకుంది. సోలాపూర్ జిల్లా కర్మాళా ప్రాంతపు పల్లెలో పెద్దకులం నాయకుని కూతురు ఆర్చీ, చేపలు పట్టే కుటుంబం కుర్రవాడు పర్శ్యా ప్రేమించుకుంటారు. మొదటి సగం ఆటపాట. అజయ్-అతుల్ కూర్చిన నాలుగు పాటలూ ఆ సగంలోనే అయిపోతాయి. ‘ఝింగాట్’ పాటకు హాళ్ళలో జనం కుర్చీలు వదిలి ఆడారు. రెండో సగంలో ఆ జంట పారిపోయి హైదరాబాదు చేరుతుంది. పాటలు ఆగిపోతాయి. మురికివాడలో రేకుల గది. పర్శ్యా దోసెల బండి దగ్గర పని. ఆర్చీకి సీసాలు నింపే కర్మాగారంలో పని. అక్కడ మరాఠీ తెలిసిన తోటి పనిమనిషి సాయంతో ఆమె తెలుగు నేర్చుకుంటుంది.

ఆ సినిమాను నేను నలుగురు సహోద్యోగులతో కలిసి చూశాను. బయటికి వచ్చి టీ తాగుతుండగా ఒకరు ‘సెకండాఫ్ ల్యాగ్’ అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు, నేనూ ఊపాను. ఆ తరవాత తొమ్మిదేళ్ళు తరగతిలో సందర్భం వచ్చినప్పుడల్లా, మంజుళే హైదరాబాదు భాగంలో ఇరవై నిమిషాలు కత్తిరించి ఉంటే సినిమా బిగువుగా ఉండేదని చెబుతూ వచ్చాను. ఏ ఇరవై నిమిషాలో చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగలిగేవాణ్ణి కాదు.

పడిశంతో ఇంట్లో పడి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ పక్కన కూచుని ఆ సినిమా మళ్ళీ చూశాను. అమ్మది బోధన్ వైపు పల్లె. 1964లో కోడలిగా నాందేడ్ వచ్చింది. అప్పటికి ఆమెకు మరాఠీ ఒక్క ముక్క రాదు. మొదటి సగానికి ఆమె సగం కునుకు తీసింది. ‘ఝింగాట్’ వచ్చినప్పుడు “జర సౌండ్ తగ్గియ్యి బిడ్డా” అంది. హైదరాబాదు భాగం మొదలయ్యాక కునుకు పోయింది. ఆర్చీ రేకుల గదిలో ఒక్కతే ఊరికే కూచుని ఉండే ఘట్టాలు, నేను కత్తిరించమన్న ఘట్టాలు అవే కాబోలు, ఆమె కళ్ళు ఆర్పకుండా చూసింది. ఇది కొంచెం నెమ్మదిగా ఉంటుందమ్మా అన్నాను, క్షమాపణ చెప్పుకున్నట్టుగా.

“మాట రాని కాడ పొద్దెట్ల వోతది బిడ్డా?” అంది. కాసేపాగి, “నేనొచ్చిన కొత్తల ఆర్నెల్లు గట్లనే. బాయి కాడ నీళ్ళకు వోతె అందరు మాట్లాడుకుంటరు, నేను బిందె దిక్కు జూస్కుంట నిలవడ్డ. పొద్దు గూకేదే గాదు” అంది.

ఆమె సినిమాను మెచ్చుకోలేదు, విమర్శించనూ లేదు. తన సంగతి చెప్పింది. కాని మంజుళే ఏం చేశాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆర్చీ తన ఊళ్ళో బుల్లెట్ బండి నడిపిన పిల్ల, ట్రాక్టరు తోలిన పిల్ల, ఎవరినైనా ఎదిరించి మాట్లాడిన పిల్ల. ఆ వేగమంతా ఆమె నోట్లో ఉంది. హైదరాబాదులో ఆ నోరు పనికిరాదు. మొదటి సగపు వేగం ఆర్చీ మరాఠీ వేగం, రెండో సగపు నెమ్మది ఆమెకు రాని తెలుగు నెమ్మది. ఆమె నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని కర్మాగారంలో నవ్వడం మొదలుపెట్టాక సినిమా మళ్ళీ అడుగు వేస్తుంది. కాలం భాషలోంచి నడుస్తున్నది. అందులో ఇరవై నిమిషాలు కత్తిరిస్తే ఆర్చీ ఇరవై నిమిషాలు ముందే తెలుగు నేర్చుకోవాలి. ఇల్లు, బిడ్డ, స్థిమితం అన్నీ ఆ నెమ్మదిలోంచి గింజ గింజగా పోగుచేసుకున్నవి కాబట్టే, చివరి ఘట్టంలో శబ్దమంతా ఆగిపోయినప్పుడు మనకు ఊపిరాడదు.

మరి 2016లో నాకెందుకు తట్టలేదు? నాకు తెలుగూ వచ్చు, మరాఠీ వచ్చు. ఆర్చీకి అర్థంకాని మాటలు నాకు అర్థమయ్యాయి. ఆమె చీకటిలో నేను దీపం పట్టుకుని కూచున్నాను. ఆమె తడుముకుంటుంటే, నాకు అంతా కనబడుతూ, ఇంకా ఎంతసేపు అనిపించింది. అంటే అది సినిమాలోని ఆలస్యం కాదు. రెండు భాషలు వచ్చినవాడి తొందర. ‘నాకు నెమ్మదిగా అనిపించింది’ అని వాక్యం పూర్తిగా చెప్పి ఉంటే, ‘నీకెందుకు?’ అనే ప్రశ్న ఆ రోజే పుట్టి ఉండేది. ‘ల్యాగ్ ఉంది’ అనడంతో ప్రశ్నకు చోటు లేకపోయింది.

ఇదే కథను 2018లో ‘ధడక్’ పేరుతో హిందీలో తీసినప్పుడు జంటను ఉదయపూర్ నుంచి కలకత్తాకు పంపారు. నిడివి 137 నిమిషాలు. ముప్ఫై ఏడు నిమిషాలు తక్కువ. నాకు అదే పొడుగనిపించింది. ఇక్కడ ‘నాకు’ అన్నది ఉద్దేశపూర్వకంగానే రాశాను.

5

అయితే ఆ తీర్పు నాకు టీకొట్టు దగ్గర అంటిందని ఒప్పుకోక తప్పదు. సినిమా చూస్తున్నంతసేపూ విసిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. బయటికొచ్చి ఆ మాట విన్నాకే విసిగాను.

అమెరికాలో కామిక్ పుస్తకాలకూ, వీడియో ఆటలకూ అభిమానులు వేలాదిగా చేరే సభలున్నాయి. సాన్ డియేగోలో 1970 నుంచి అలాంటి సభ జరుగుతున్నది. ఆ సభలనుంచి ఇంటికి తెచ్చుకునే జలుబుకు వాళ్ళు ముద్దుగా ‘కాన్ క్రడ్’ అని పేరు పెట్టుకున్నారు. సభ మకిలి అని అర్థం చెప్పుకోవచ్చు. అదంతా వేళాకోళమూ కాదు. 2009 సెప్టెంబరులో సియాటిల్‌లో జరిగిన వీడియో ఆటల సభనుంచి వంద మంది దాకా స్వైన్‌ఫ్లూ మోసుకుపోయారు. అభిమానుల సభలో దగ్గరగా కూచుంటారు, చేతులు కలుపుతారు, గొంతెత్తి అరుస్తారు. మామూలు మాటకంటె అరుపులో తుంపరలు ఎక్కువ. జలుబు తెచ్చే రైనోవైరస్‌లు నూట అరవై రకాలకు పైగా ఉన్నాయి. వాటికి ఇంతకంటె మంచి పెళ్ళిపందిరి దొరకదు.

కాని అన్నింటికంటె నన్ను ఆలోచింపజేసింది 2021 నవంబరునాటి ఉదంతం. న్యూయార్కులో జపాను యానిమేషన్ అభిమానుల సభకు యాభై మూడు వేల మంది వచ్చారు. వచ్చినవారిలో ఒకరికి ఒమిక్రాన్ రకం కోవిడ్ ఉన్నట్టు తేలడంతో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం విచారణ చేసింది. పరీక్ష ఫలితాలు దొరికిన 4,560 మందిలో 119 మందికే వ్యాధి కనబడింది. నూటికి ముగ్గురు కూడా కారు. హాలులో మాస్కులున్నాయి, టీకా నిబంధన ఉంది, గాలి వడపోత ఉంది. అదే ఆ మొదటి వ్యక్తి స్నేహబృందంలోనూ, వారితో కలిసి తిరిగినవారిలోనూ సభకు వచ్చిన 23 మందిని చూస్తే 16 మందికి వచ్చింది. వాళ్ళు కలిసి తిన్నారు, కలిసి తాగారు, కలిసి పాడారు. అంటే రోగం అంటింది మహాసభలో కన్న తన పదిమందిలో.

అభిరుచి కూడా ఇలాగే అంటుతుందని నా నమ్మకం. మనం ప్రేక్షకులను కోట్లలో లెక్కపెట్టి ‘జనాభిరుచి’ అని పెద్ద మాట వాడతాం. జనం పెద్దది గాని, అభిరుచి అంటేది పక్క కుర్చీనుంచి, టీ బల్లనుంచి, ఇంటి వసారానుంచి. అంటే గుణం మాటకు ఎప్పుడు వస్తుందో కూడా భాషావేత్త చెప్పగలడు. ‘నాకు విసుగొచ్చింది’ అనే వాక్యాన్ని పక్కవాడు తీసుకుపోలేడు. అందులో నేనున్నాను. అతను దాన్ని ‘ఆయనకు విసుగొచ్చిందట’ అని మార్చి చెప్పాలి. ‘సెకండాఫ్ ల్యాగ్’ అనే దానికి ఆ అడ్డు లేదు. చెయ్యి మారినా రూపం మారదు, చూసినవాడూ అనవచ్చు, చూడనివాడూ అనవచ్చు. ఈ లక్షణమే దాన్ని అంటువ్యాధి చేసింది. నేను తొమ్మిదేళ్ళలో ఎన్ని తరగతులకు దాన్ని అంటించానో లెక్క లేదు. పడిశం అంటించిన వెనక వరస కుర్రవాడి మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు.

6

ఇది సినిమా గొడవే అయితే ఇంత రాయనక్కరలేదు. మా ఊరికి ఇందులో ఇంకో సంగతి ఉంది.

నాందేడ్, ధర్మాబాద్, దెగ్లూరు, కిన్వట్ ప్రాంతాల తెలుగు ఇళ్ళ పిల్లలకు తెలుగు ఇంట్లో వినబడుతుంది. బడి మరాఠీలోనో ఇంగ్లీషులోనో. తెలుగు సినిమాలను వాళ్ళు చాలామట్టుకు హిందీలోకి మార్చినవే చూస్తారు. టీవీకి ఇచ్చేటప్పుడు వాటిలో చాలావాటికి పాటలు కత్తిరించేస్తారు. దెబ్బలాటలు మాత్రం మిగులుతాయి. తెలుగు సినిమా అంటే వేగమని మరాఠీ మిత్రులు అనుకోవడానికి ఇదొక కారణం. మన పిల్లలు కూడా అలాగే అనుకుంటున్నారు.

ఆ పడిశం తగ్గి కాలేజీకి వెళ్ళాక ఒక నియమం పెట్టాను. సినిమామీద ఎవరేం రాసినా మొదటి వాక్యం ‘నాకు’తో మొదలు కావాలి. తరవాత ‘మాయాబజార్’ చూపించాను. 1957 నాటి కె.వి. రెడ్డి చిత్రం, తెలుగులోనే, పూర్తి నిడివితో. పింగళి నాగేంద్రరావు రాక్షసులచేత కొత్త మాటలు పుట్టించే ఘట్టాల దగ్గర నేను ఒక్కణ్ణే నవ్వాను. ప్రదర్శన అయ్యాక ధర్మాబాద్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, “బాగుంది గాని సర్, చాలా ల్యాగ్” అంది. నియమం ప్రకారం రాసి తెమ్మన్నాను.

మర్నాడు తెచ్చిన కాగితంలో మొదటి వాక్యం ‘నాకు చాలా పొడుగనిపించింది’. దాని కింద కొట్టివేసిన రెండు పంక్తులు. తరవాత ఇలా ఉంది: ‘నాకు రాక్షసుల మాటలు అర్థం కాలేదు. అందరూ ఎందుకు నవ్వుతారో తెలియలేదు. మా నాయనమ్మ అయితే నవ్వేది.’

ఆ ఘట్టాల వేగమంతా మాటల్లో ఉంది. మాట అందినవాడికి అవి గుర్రంలా పరిగెత్తుతాయి. అందనివాడికి లావుపాటి మనుషులు నిలబడి ఏదో మాట్లాడుతున్న నిమిషాలు. ఆ అమ్మాయి ‘ల్యాగ్’ అని పేరు పెట్టినది సినిమా దోషం కాదు. ఆమెకూ, వాళ్ళ నాయనమ్మకూ మధ్య జారిపోయిన తెలుగు. 1964లో మా అమ్మ బావి దగ్గర బిందె వైపు చూస్తూ నిలబడినట్టే, ఆ పిల్ల సొంత భాష సినిమా ముందు కూచుని ఉంది. తేడా ఒక్కటే. పొద్దు పోవడం లేదని, మాట రాకనే పోవడం లేదని మా అమ్మకు తెలుసు. ఈ పిల్లకు ఆ సంగతి చెప్పుకునే వాక్యం లేకుండా చేశాం.

సినిమాలు పొడుగైనా, పొట్టివైనా తీసేవాళ్ళు తీస్తారు, కత్తిరించేవాళ్ళు కత్తిరిస్తారు. అధ్యాపకుల చేతిలో ఉన్నది ఒక్క విభక్తి ప్రత్యయం. దాన్ని పిల్లలకు తిరిగి ఇవ్వవచ్చు. ఆ అమ్మాయి రాక్షసుల ఘట్టం మళ్ళీ చూస్తానంది. ఈసారి మాట మాటకూ ఆపి, అర్థం చెప్పుకుంటూ చూశాం. పది నిమిషాల ఘట్టానికి గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది.